దత్తత ఇచ్చే ముందు ‘ఇంట్లో పిల్లి ఉందా?’ అని అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. వీధి కుక్కల సమస్యపై పత్రికల్లో వస్తున్న వార్తలనూ, పాఠకుల లేఖలనూ కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల వీధి కుక్కల విషయంలో తన మునుపటి ఆదేశాన్ని సవరిస్తూ, వాటిని దత్తత తీసుకోదలచిన జంతుప్రేమికులు నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చునని, అయితే అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని చెప్పింది. అది న్యాయమైన మాట. కానీ ఇంటికి తెచ్చిన కుక్క నాలుగు రోజులకే మళ్లీ వీధిపాలు కావడానికి ఉన్న కారణాల్లో ఒకదాన్ని ఎవరూ ప్రస్తావించడం లేదు. ఆ ఇంట్లో అప్పటికే ఒక పిల్లి ఉండడమే ఆ కారణం. మా ఇంట్లోనూ దాదాపు అంత పనీ జరగబోయింది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మాది పాతకాలపు పెంకుటిల్లు. మల్లి అనే మా తెల్లపిల్లికి ఏడేళ్లు. మా ఊళ్లో జరిగిన ఒక దత్తత శిబిరం నుంచి నాలుగు నెలల ఊరకుక్క పిల్లను తెచ్చుకున్నాం. నిర్వాహకులు మా చిరునామా రాసుకొని, టీకాల కార్డు చేతికిచ్చి, సంతోషంగా పంపించారు. ఇంట్లో ఇంకేమైనా జంతువులు ఉన్నాయా అని మాత్రం అడగలేదు. అడగాలని వారికి తోచలేదు, చెప్పాలని మాకూ తోచలేదు.

ఒకసారి ముఖాముఖి చూసుకుంటే అవే సర్దుకుంటాయనుకొని, నేను మల్లిని చంకనెత్తుకొని, మా అబ్బాయి పట్టుకున్న కుక్కపిల్ల ముఖం దగ్గరకు తీసుకువెళ్లాను. రెప్పపాటులో కుక్కపిల్ల ముక్కు మీద రక్తం చిమ్మింది, నా ముంజేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా నాలుగు గీతలు పడ్డాయి, మల్లి బీరువా మీదికీ అక్కడి నుంచి అటక మీదికీ ఎగిరి పాత ఇత్తడి బిందెల వెనక దాక్కుంది. చేతిని సబ్బునీళ్లతో పావుగంట సేపు కడుక్కొని ఆసుపత్రికి వెళ్లి చూపించుకున్నాను. మల్లి మాత్రం ఆ రోజూ మర్నాడూ కిందికి దిగలేదు, పాలు పెట్టినా చేప పెట్టినా ముట్టలేదు. కుక్కకూ పిల్లికీ ఎక్కడైనా పడుతుందా, ఆ కుక్కను తీసుకెళ్లి సంత దగ్గర వదిలేయండి అని ఇరుగుపొరుగువారు సలహా ఇచ్చారు. నిజం చెప్పాలంటే మేమూ ఆ ఆలోచనలోనే పడ్డాం.

ఆ పని చేయకుండా మమ్మల్ని ఆపినవారు పశువైద్యశాలలోని డాక్టరు గారు. తప్పు కుక్కదీ కాదు, పిల్లిదీ కాదు, ఎత్తుకొని మీద పెట్టిన మీదేనని ఆయన స్పష్టంగా చెప్పారు. గదిలో వేసి కొడితే పిల్లి కూడా పులవుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. తప్పించుకునే దారి లేదని తోచినప్పుడే పిల్లి పంజా విసురుతుంది. దారి ఉంటే పోరాడే బదులు పారిపోతుంది. అయితే అది పారిపోవడమే చిక్కు, ఎందుకంటే పరుగెత్తేదాని వెంట పడడం కుక్క స్వభావం. పైగా ఈ రెండింటి భాషలూ వేరు. కుక్క తోక ఊపుతూ వస్తే చాలావరకు ఉత్సాహం, పిల్లి తోకను అటూ ఇటూ కొడుతోందంటే విసుగు. ఆడుకుందాం రమ్మని కుక్క ముందుకాళ్లు నేలకు ఆనించి వంగితే, తన మీదికి దూకబోతోందని పిల్లి అనుకుంటుంది. కళ్లు తెరిచిన కొద్ది వారాల్లోనే రెండో జాతిని చూస్తూ పెరిగినవైతే ఇంత కష్టం ఉండదు. కుక్కపిల్లలకు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా, పిల్లికూనలకు ఏడో వారం దాకా ఆ అలవాటు సులువుగా పడుతుందట. మా రెండింటికీ ఆ వయసు దాటిపోయింది.

ఆ తరువాత మేము చేసినదాన్ని వివరంగా రాస్తాను, ఎందుకంటే మొదటి రోజే ఎవరైనా ఇది చెప్పి ఉంటే మాకు ఆ రెండు రోజుల బాధ తప్పేది. కుక్కపిల్లను వసారా పక్క గదిలో ఉంచి తలుపు వేశాం. మల్లికి మిగతా ఇల్లంతా వదిలేశాం. ఇల్లు ముందునుంచీ దానిది, కొత్తగా వచ్చినదే కొంత ఇరుకులో ఉండాలి. ఒక పాత తుండుగుడ్డతో కుక్కపిల్ల మెడ తుడిచి మల్లి పడుకునే చోట వేశాం, మల్లి బుగ్గలు తుడిచిన గుడ్డను కుక్కపిల్ల గదిలో వేశాం. మనం మొహం చూసి మనిషిని గుర్తుపట్టినట్టు అవి వాసన చూసి గుర్తుపడతాయి. మొదటి రోజు మల్లి ఆ గుడ్డను చూసి బుస కొట్టింది, నాలుగో రోజున దాని మీదే ముడుచుకొని పడుకుంది. ఆ దృశ్యం చూసి మా ఇంట్లో అందరికీ కళ్లు చెమర్చాయి. అప్పటి నుంచి మూసిన తలుపుకు ఇటు మల్లి గిన్నె, అటు కుక్కపిల్ల గిన్నె పెట్టి, పూటపూటకూ జానెడు చొప్పున దగ్గరకు జరిపాం. మల్లి తినడం మానేస్తే మళ్లీ వెనక్కి జరిపేవాళ్లం.

రెండో వారంలో చెక్క తలుపు తెరిచి, దోమల జాలీ తలుపు మాత్రం వేసి, ఒకదాన్నొకటి చూసుకోనిచ్చాం. మూడో వారం నుంచి కుక్కపిల్లను గొలుసుతో హాల్లోకి తెచ్చి, అది మల్లి వైపు నుంచి చూపు తిప్పుకొని మా వైపు చూసిన ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టాం. ఒళ్లు బిగబట్టి, నోరు మూసి, రెప్ప వేయకుండా చూస్తోందంటే వెంటనే బయటికి తీసుకుపోవాలని డాక్టరు గారు చెప్పిన మాట బాగా ఉపయోగపడింది. మల్లి ఎక్కి కూర్చోవడానికి కిటికీ పక్కన ఎత్తుగా ఒక చెక్క బిగించాం. దాని తిండి కూడా అక్కడే పెడుతున్నాం. పిల్లికి టారిన్ అనే పోషకం ఆహారంలోనే అందాలి కాబట్టి కుక్క తిండితో దాన్ని సరిపెట్టకూడదు. మల్లి ఇసుక పళ్లెం కుక్కకు అందకుండా ఉండాలని స్నానాలగది తలుపుకు గొళ్లెం వేసి, మల్లి మాత్రమే దూరేంత సందు వదిలాం. గొలుసు విప్పడానికి అయిదు వారాలు పట్టింది. ఇప్పటికీ ఎవరూ ఇంట్లో లేనప్పుడు రెండింటినీ ఒకే చోట వదలం.

ప్రాణాల మీదికి తెచ్చే మూడు విషయాలు మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. కుక్కల గోమార్లకు వాడే కొన్ని చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు హాని చేయని ఆ మందు పిల్లికి విషం, దాన్ని రాసిన కుక్కను పిల్లి ఒరుసుకున్నా ప్రమాదమే. రెండోది, భయంతో పిల్లి రెండు రోజులు ఏమీ తినకపోతే కాలేయం దెబ్బతినే అవకాశం ఉంది. మూడోది, మగపిల్లి మూత్రం పోయలేక అవస్థ పడుతుంటే మర్నాటిదాకా కూడా ఆగకూడదు. ఇక రేబిస్ టీకా కుక్కకే కదా అనుకోకుండా పిల్లికీ వేయించాలి.

ఎంత ఓపిక పట్టినా పిల్లితో కలవని కుక్కలు కొన్ని ఉంటాయి. అలాంటి కుక్కను పిల్లి లేని ఇంటికి చేర్చాలి తప్ప సంతలో వదలకూడదు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. అయితే కుక్కను తెచ్చుకున్న కుటుంబానికి ఎవరిని అడగాలో తెలియనప్పుడు తప్పంతా ఆ కుటుంబానిదే అనడం నాకు సబబుగా తోచదు.

అందుచేత దత్తత శిబిరాలు నడిపే పురపాలక సంఘాలకూ, స్వచ్ఛంద సంస్థలకూ నా విన్నపం ఒక్కటే. కుక్కను చేతికిచ్చే ముందు ఇంట్లో పిల్లి ఉందా అని అడగండి. ఉందంటే, మొదటి నెల ఏం చేయాలో తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం టీకాల కార్డుతో పాటు ఇవ్వండి. కుదరకపోతే ఆ కుక్కను తిరిగి తీసుకుంటామని ముందే చెప్పండి. మా ఊళ్లో మళ్లీ శిబిరం పెడితే ఆ కాగితం రాసిపెట్టడానికీ, పిల్లి ఉన్న ఇళ్లకు వెళ్లి తలుపు దగ్గర గిన్నెలు ఎలా పెట్టాలో చూపించడానికీ నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం