ఫైర్‌ప్రూఫ్ సర్టిఫికెట్‌కు గడువు పెట్టండి: అగ్నిమాపక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను బట్టల ఫినిషింగ్ పనిలో ఉన్నవాణ్ని. ఆడిటోరియం తెరలకు, డేరా గుడ్డలకు, కుర్చీల కవర్లకు నిప్పు అంటుకోకుండా మందు పట్టించడం మా పనిలో ఒక భాగం. ఆ గుడ్డలతో పాటు వెళ్లే సర్టిఫికెట్ల గురించే ఈ లేఖ. నేను చూసిన చాలా కాగితాల్లో 'ఇది అగ్నినిరోధక వస్త్రం' అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఏ మందు పట్టించారో ఉండదు. ఉతికితే నిలుస్తుందో లేదో అసలే ఉండదు. ఆ కాగితం ఫైల్లో ఉంటే చాలు, తనిఖీ అయిపోయినట్టే.

పత్తి అంటే దాదాపు అంతా సెల్యులోజే. కాగితం, కలప, నార, అన్నీ ఆ కోవలోవే. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి సెల్యులోజ్ విరిగిపోయి, మండే ఆవిర్లు వదులుతుంది. మనకు కనిపించే మంట ఆ ఆవిర్లదే. పైగా పత్తి నిలకడగా మండడానికి 18 శాతం ఆక్సిజన్ సరిపోతుంది, గాలిలో ఉన్నది 21 శాతం. ఫాస్ఫరస్ ఉన్న మందు పట్టిస్తే కథ మారుతుంది. వేడికి అది ఫాస్ఫారిక్ ఆమ్లంగా మారి, సెల్యులోజ్‌లోని నీటిని ముందే లాగేస్తుంది. దాంతో ఆవిర్లు తగ్గి బొగ్గు పెరుగుతుంది. అంటే మందు పట్టించినా గుడ్డ నల్లబడుతుంది, మాడుతుంది, కానీ మంట పైకి పాకదు. అందుకే 'ఫైర్‌ప్రూఫ్' అని రాసినప్పుడల్లా నాకు చిరాకే.

ఈ విద్య కొత్తదేం కాదు. 1821లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త గే-లుసాక్ నాటకశాలల గుడ్డల కోసం అమోనియం ఫాస్ఫేట్, నవాసాగరం (అమోనియం క్లోరైడ్), వెలిగారం (బోరాక్స్) కలిపిన ద్రావణాలను సిఫారసు చేశాడు. ఈనాటికీ తెరలకు పట్టించే చౌక మందులు ఆ కుటుంబంవే. 7 పాళ్ల వెలిగారం, 3 పాళ్ల బోరిక్ యాసిడ్ కలిపే పాత పద్ధతి ఇంకా నడుస్తోంది. వెలిగారం మంటను ఆపుతుంది గానీ, మంట ఆరాక లోపల రాజుకునే నిప్పును ఆపలేదు. దానికోసమే బోరిక్ యాసిడ్. ఒకటి వేసి రెండోది మానేసిన గుడ్డ మంట పరీక్షలో బాగానే నెగ్గి, ఆ తర్వాత నిదానంగా కాలుతూనే ఉంటుంది.

చిక్కంతా ఈ ఉప్పులు నీళ్లలో కరిగిపోవడంలో ఉంది. మందు పట్టించిన కాటన్ తెర అంచు నుంచి రెండు పీలికలు కత్తిరించండి. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని మామూలు నీళ్లలో బాగా జాడించి ఆరబెట్టండి. రెండింటినీ నిలువుగా వేలాడదీసి, కింది అంచుకు అగ్గిపుల్ల మంట 12 సెకన్లు చూపించండి. మొదటిది కింద కాస్త నల్లబడి, పుల్ల తీయగానే ఆరిపోతుంది. జాడించినదానికి అంటుకున్న మంట చేతిదాకా పాకుతుంది, పట్టకారుతో పట్టుకోవడమే మేలు. చూపుకు రెండు పీలికలూ ఒకేలా ఉంటాయి. సర్టిఫికెట్ కూడా రెండింటికీ అదే.

ఉతకడమే కాదు, పైకప్పు కారి తడిసినా అంతే. తేమకు ఉప్పు పైకి తేలి తెల్లటి పొడిలా రాలుతుంది, కొక్కేలు తుప్పు పడతాయి. అమోనియం సల్ఫేట్ లాంటివైతే స్టేజీ లైట్ల వేడికి ఆమ్లం వదిలి నూలునే తినేస్తాయి. కొన్నాళ్లకు తెర లాగితే చిరిగిపోతుంది.

ఉతుకులకు నిలిచే పద్ధతులూ ఉన్నాయి. ఫాస్ఫోనియం రసాయనం పట్టించిన గుడ్డను అమోనియా వాయువులోంచి పంపితే నూలు లోపలే కరగని పాలిమర్ ఏర్పడుతుంది. సరిగ్గా చేస్తే 50 ఉతుకులైనా తట్టుకుంటుంది. కాకపోతే దానికి వేరే యంత్రాలు కావాలి, ఖర్చు ఎక్కువ. దీన్ని కూడా సబ్బు సరిగ్గా నురగ రాని కఠిన జలంలో సబ్బుతో ఉతికితే మండే జిడ్డు పేరుకుంటుంది, క్లోరిన్ బ్లీచ్ తగిలితే రక్షణ దెబ్బతింటుంది. ఆ సంగతి ఉతికేవాళ్లకు ఎవరూ చెప్పరు. గుడ్డ మీద రాసి ఉంటే కదా!

మందు పేరు దాచకూడదనడానికి ఇంకో కారణం ఉంది. 1970లలో అమెరికాలో పిల్లల నైట్‌డ్రెస్సులకు 'ట్రిస్' అనే బ్రోమిన్ రసాయనం వాడారు. ఎక్కువగా పాలిస్టర్, అసిటేట్ బట్టలకే. అది జన్యువులను దెబ్బతీస్తుందని తేలాక 1977లో నిషేధించారు. బోరిక్ యాసిడ్‌ను కూడా ఐరోపా సమాఖ్య సంతాన సామర్థ్యానికి హాని చేసే పదార్థాల్లో చేర్చింది. ఎత్తున వేలాడే తెరకు సరిపోయే మందు, ఒంటికి తగిలే పరుపు గుడ్డకు సరిపోకపోవచ్చు. ఏం పూశారో కొనేవాడికి తెలియాలి.

అందుకే అయ్యా, ప్రతి సర్టిఫికెట్ మీద మందు పేరు, పట్టించిన తేదీ, ఉతక్కముందూ ఉతికాకా చేసిన పరీక్షల ఫలితాలు, గడువు తేదీ తప్పనిసరి చేయండి. నీళ్లలో కరిగే మందు అయితే, గుడ్డ తడిసిన రోజునే ఆ సర్టిఫికెట్ చెల్లదని నిబంధనలో పెట్టండి. ఇవే వివరాలు చెరగని సిరాతో ఒక పట్టీ మీద ముద్రించి గుడ్డకే కుట్టించండి, కాగితం పోయినా పట్టీ మిగులుతుంది. కాగితం, అట్ట, హార్డ్‌బోర్డు సెట్లకూ ఇదే నియమం వర్తింపజేయాలి.

ఇక తనిఖీ. మీ అధికారులు ఫైలు చూసి సంతకం పెట్టకుండా, తెర అంచులో దాచిపెట్టిన అదనపు గుడ్డ నుంచి ఒక పీలిక కత్తిరించి, ఆరుబయట, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని అగ్గిపుల్లతో చూడమనండి. లేబొరేటరీ పరీక్షకు ఇది బదులు కాదు గానీ, మందు పూర్తిగా పోయిన తెర అక్కడికక్కడే దొరికిపోతుంది. తెరలు కుట్టేటప్పుడే అడుగున ఆ అదనపు గుడ్డ వదలమని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, తనిఖీ కోసం ఎవరి తెరా పాడవదు.

ఇట్లు,
బట్టల ఫినిషింగ్ పనిలో ఉన్న ఒక టెక్నీషియన్