నీలం టిక్కులు, రాత్రి మెసేజ్‌లు

అందరికీ నమస్కారం. "చూసి కూడా జవాబివ్వలేదు" అనే మాట ఈమధ్య మన గ్రూప్‌లో తరచూ వస్తోంది. వాట్సాప్‌లో 2014లో మెసేజ్ చదివారని చూపే నీలం టిక్కులు వచ్చాకే ఈ టెన్షన్ పెరిగిందని నా అభిప్రాయం. సెట్టింగ్స్‌లో ఆపేసినా గ్రూపుల్లో అవి కనిపిస్తూనే ఉంటాయి. చదవడం వేరు, తీరిగ్గా రాయడం వేరు కదా. పైగా డాలస్‌లో మధ్యాహ్నం ఒంటిగంటంటే ఇక్కడ దాదాపు అర్ధరాత్రి. ఆ వేళ ఫోన్ మోగితే అత్తయ్యకు మళ్లీ నిద్ర పట్టడం లేదు. పెద్దవాళ్ల ఫోన్లలో గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు. అత్యవసరమైతే నేరుగా ఫోన్ చేద్దాం. రెండు బాణాల గుర్తున్న ఫార్వర్డ్‌లు ఇప్పటికే చాలా చేతులు మారినవి, అందుకే 2020 నుంచి వాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపే వీలుంది. దయచేసి అవి వద్దు. పిల్లల ఫోటోలు మాత్రం ఎన్నైనా పెట్టండి.