జలగకు ఉప్పు సరే, గోమారికి అగ్గిపుల్ల వద్దు

సంపాదకులకు నమస్కారం.

వానాకాలంలో పశ్చిమ కనుమలకు వెళ్లేవాళ్లు జలగల కోసం ఉప్పు, పొగాకు, సున్నం వెంట ఉంచుకుంటారు. జలగకు అవి పనిచేస్తాయి. అదే అలవాటును గోమారి (కొన్నిచోట్ల పిడుదు అంటాం) మీద చూపించడంతోనే చిక్కు వస్తోంది. డిసెంబరుకల్లా నేల ఆరి జలగలు కనుమరుగవుతాయి. సరిగ్గా అప్పుడే గోమారి పిల్లలు ఎండుటాకుల మీదికి, గడ్డి కొసలకు చేరతాయి. కర్ణాటకలోని కొడచాద్రి, ఆగుంబె కొండలెక్కడానికి మన పిల్లలు హైదరాబాద్ నుంచి బస్సులెక్కే నెలలూ అవే.

పశువు పొదుగుకు శనగగింజలా వేలాడే గోమారి అందరూ చూసిందే. అడవిలో మనిషిని పట్టేది అంత పెద్దగా ఉండదు. పిల్ల దశలో ఉన్న అడవి గోమారి గసగసాల గింజంతే. ఎగరదు, దూకదు. వెనక కాళ్లతో గడ్డి కొసను పట్టుకుని, ముందు కాళ్లు చాచి కాచుకుని ఉంటుంది. మన ఊపిరిని, ఒంటి వేడిని పసిగట్టి, రాసుకుంటూ పోయిన బట్టకు అంటుకుని పైకి పాకుతుంది. అందుకే ప్యాంటు అంచులు సాక్సుల్లోకి, చొక్కా ప్యాంటులోకి దోపుకోవాలి. లేత రంగు బట్టలైతే పాకేది కనబడుతుంది. ఎండుటాకుల మీద కూర్చోవద్దు, బాట మధ్యలోనే నడవాలి. బట్ట కప్పని చోట పురుగులను దగ్గరకు రానివ్వని డీట్ మందు, 20 శాతానికి తగ్గనిది, రాసుకోవాలి. అక్కడి ఊళ్లలో కర్ణాటక ఆరోగ్యశాఖ పంచే డెపా నూనె కూడా ఇందుకే. పెర్మెత్రిన్ అనే పురుగుమందు దొరికితే 0.5 శాతంది బట్టలకే పట్టించాలి, చర్మానికి కాదు.

కరిచి పట్టుకున్నదాన్ని తీయడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. దాని నోటికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. చాలా రకాలు జిగురులాంటి పదార్థంతో చర్మానికి అతుక్కుంటాయి కూడా. కిరోసిన్, సున్నం, వాజలీన్, అగరుబత్తి, అగ్గిపుల్ల ఏదీ దాన్ని వెంటనే వదిలించదు. అతుక్కున్న గోమారి గంటకు కొద్దిసార్లే గాలి పీలుస్తుంది కాబట్టి ఊపిరాడక చావడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా బెదిరి, లాలాజలాన్ని మన ఒంట్లోకే కక్కవచ్చు. కరిచినప్పుడు రోగం అంటేది ఆ లాలాజలంతోనే.

కావలసింది సన్నమొన ట్వీజర్, పల్లెల్లో ముల్లు తీసే శ్రావణమైనా సరే. కనుబొమ్మలు తీసే వెడల్పు మొనది వద్దు, అది పొట్టను చిదుముతుంది. పొట్టను కాదు, చర్మానికి ఆనుకుని నోటి దగ్గర పట్టుకోవాలి. మెలిపెట్టకుండా, కుదపకుండా నిదానంగా నిటారుగా లాగాలి. చర్మం కొద్దిగా గుడారంలా పైకి లేస్తుంది; అప్పుడూ బలం పెంచకుండా అలాగే పట్టి ఉంటే వదులుతుంది. నోటి ముక్క లోపల మిగిలితే, సులువుగా రాకపోతే సూదితో కెలకొద్దు, చర్మమే దాన్ని బయటకు నెట్టేస్తుంది. ఆ చోటును, చేతులను సబ్బుతో కడిగి స్పిరిట్ రాయాలి. తీసినదాన్ని గోటితో నలపకుండా, స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేసి తేదీ రాసి ఉంచాలి. పశువుల గోమార్లను వేళ్లతో చిదిమే అలవాటు కూడా మానాలి. మన దేశంలో తొలిసారి 2011లో గుజరాత్‌లో బయటపడిన క్రిమియన్ కాంగో జ్వరం గోమారిని నలిపినా అంటుకోగలదు.

కర్ణాటక కొండ ప్రాంతమైన మలెనాడులో భయం గోమారి కాటుతో వచ్చే కోతి జ్వరంది. శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో 1957లో కోతుల చావులతో అది బయటపడింది. చచ్చిన కోతి ఒంటి మీది గోమార్లు చుట్టుపక్కల రాలిపోతాయి. అలాంటిది కనబడితే దగ్గరకు పోకుండా అటవీ సిబ్బందికి చెప్పాలి. గోమారి కరిచిన 3 నుంచి 8 రోజులకు జ్వరం వస్తుంది, అంటే మనవాళ్లు హైదరాబాద్ తిరిగొచ్చాక. హఠాత్తుగా జ్వరం, తలనొప్పి, ఒళ్లు విరిచేసే నొప్పులు, ఒక్కోసారి రక్తస్రావం. ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి కాబట్టి డెంగీ అనుకునే ప్రమాదం ఉంది. ఏ అడవికి, ఏ తేదీన వెళ్లారో డాక్టరుకు ముందే చెప్పాలి. ఆస్పిరిన్, ఒళ్లునొప్పుల బిళ్లలు సొంతంగా వేసుకోకూడదు. స్క్రబ్ టైఫస్ వేరు. దాన్ని తెచ్చేది కంటికి ఆనని మైట్ అనే పురుగు పిల్ల (మంచంలోని నల్లి కాదు), ఆ జ్వరానికి డాక్సీసైక్లిన్ అనే మందు ఉంది. కోతి జ్వరానికి అలాంటి నేరు మందు లేదు. పాత టీకాను కూడా ఫలితం చాలక ఆపేశారు.

ట్రెక్కులు నడిపే నిర్వాహకులకు ఒక మనవి. వెంట తెచ్చుకోవలసిన సామాన్ల చీటీలో ట్వీజర్‌ను చేర్చండి. కొండ దిగాక, బస్సెక్కే ముందే పది నిమిషాలు ఆపి చెవుల వెనక, జుట్టు కుదుళ్లు, చంకలు, బొడ్డు, నడుము పట్టీ, గజ్జలు, మోకాళ్ల వెనక చూసుకోమనండి. బస చేరాక రెండు గంటల్లోపు స్నానం చేయించండి. వేసుకున్న బట్టలను బాగా వేడినీళ్లలో ఉతకమని చెప్పండి. గోరువెచ్చటి నీళ్లకు గోమారి చావదు.

– ఒక పశువైద్యుడు, కర్నూలు