మీ మాత్రల పెట్టెలోని కరపత్రంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ అధికారి గారికి,

విషయం: సిప్రోఫ్లాక్సాసిన్ (యాంటీబయాటిక్) 500 మిల్లీగ్రాముల మాత్రలు – అర్థం కాని హెచ్చరిక

మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిన మా నాన్నగారికి డాక్టరు మీ మాత్రలు రాశారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నాన్నగారికి కడుపులో మంట. ఏ మాత్ర వేసుకున్నా వెనకాలే రెండు చెంచాల గ్యాస్ సిరప్ తాగడం ఏళ్లనాటి అలవాటు. ఇదీ అలాగే వేసుకున్నారు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. మళ్లీ వెళ్తే డాక్టరు మొదట అడిగింది ఒకటే: "దీంతోపాటు ఇంకేం వాడుతున్నారు?"

సిరప్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం ఈ మందును పేగులోనే పట్టేసుకుంటాయని అప్పుడు తెలిసింది. అలా ముడిపడ్డ మందు పేగు గోడ దాటలేదు, మలంతో పోతుంది. మామూలుగా అయితే మాత్రలో సుమారు 70 శాతం రక్తంలో చేరుతుంది, ఒకటి రెండు గంటల్లోనే గరిష్ఠ స్థాయి అందుకుంటుంది. ఆపైన దాదాపు 4 గంటలకోసారి సగమవుతూ 12 గంటలకు ఎనిమిదో వంతుకు దిగుతుంది, రోజుకు రెండుసార్లు వేసుకోమనేది అందుకే. వేసుకున్న మందులో 40 నుంచి 50 శాతం కిడ్నీల గుండా ఏ మార్పూ లేకుండా మూత్రంలోకి వస్తుంది. మూత్రపు ఇన్ఫెక్షన్‌కు ఇది పనికొచ్చేది ఆ గుణం వల్లే. నాన్నగారి విషయంలో అక్కడిదాకా చేరాల్సింది చేరనేలేదు.

హెచ్చరిక లేదని నేననను. ఉంది. కరపత్రం మడతలన్నీ విప్పి భూతద్దం పెడితే ఇంగ్లిషులో ఒక వాక్యం దొరికింది: మల్టీవాలెంట్ కాటయాన్లు (అంటే అల్యూమినియం, మెగ్నీషియం లాంటి లోహాల అయాన్లు) ఉన్న ఉత్పత్తులతో కలిపి తీసుకోరాదట. నేను డిగ్రీ చదివాను. కాటయాన్ అంటే మా అలమరలోని గ్యాస్ సిరప్ అని నాకే తట్టలేదు, నాన్నగారికేం తడుతుంది? కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి మోతాదు తగ్గించాలన్న సంగతి కూడా క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీల పనితీరు కొలత) అంకెల మధ్యే ఉంది. మీకు ఫోన్ చేస్తే "డాక్టరు సలహా మేరకు వాడండి" అన్నారు. ఫలానాది అడగాలని తెలిస్తే కదండీ అడగడం!

సిరప్ మానేసి, కోర్సు మళ్లీ మొదలుపెట్టాక రెండో రోజుకు జ్వరం తగ్గింది. డాక్టరు కాగితం మీద రాసిచ్చిన మాట ఇది: "గ్యాస్ మందులు, కాల్షియం, ఐరన్, జింక్ మాత్రలకు 2 గంటల ముందు, లేదా 6 గంటల తర్వాత వేసుకోవాలి." ఇదే మాటను పెట్టె మీద తెలుగులో, పెద్దవాళ్లు చదవగలిగే సైజులో ఎప్పటి నుంచి ముద్రిస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. బ్యాచ్ నంబరు ఫొటో, కరపత్రం జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారు