మంచం మీద కూర్చుంటే షవర్ ఎందుకు సన్నబడింది

పోయిన దీపావళి నుంచి ఇప్పటిదాకా మా పెద్ద కారవాన్‌లో ప్రయాణం చేసిన అందరికీ ఈ ఉత్తరం. లోపలే పడుకుని ప్రయాణం చేసే ఇలాంటి బండ్లు కడప నుంచి మేము అద్దెకు నడిపేవి రెండు. స్నానాల గది ఉన్నదని చెప్పి అద్దె ఎక్కువ తీసుకునేది పెద్ద బండికే. ఆ స్నానం మాత్రం మీకు సరిగా అందలేదు. షవర్ కింద నిలబడితే వీపు ఒక పక్క తడిసేలోగా రెండో పక్క ఆరిపోయేది. గండికోటలో ఒక పెద్దావిడ తల నిండా కుంకుడురసంతో పావుగంట కూర్చున్నారు. చివరికి తాగే నీళ్ల సీసాలు తెచ్చి కోడలు తల కడిగింది. తిరిగి వచ్చాక ఆవిడ నా మీద కోప్పడలేదు. "బండి బాగుందమ్మా, నీళ్ల సంగతి చూసుకో" అన్నారు, అంతే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఫోను చేసిన ప్రతివారికీ నేను ఒకటే చెప్పాను: పంపు చిన్నది, పెద్దది తెప్పిస్తున్నాం అని. ఆ మాట తప్పు. తెలియక చెప్పినదే అయినా తప్పే. అసలు ఏం జరిగిందో దాచకుండా రాస్తున్నాను.

ఫిబ్రవరిలో 7,000 రూపాయలు పెట్టి పెద్ద పంపు తెచ్చి బిగించాం. ధార పెరగలేదు. పైగా పంపు ఆగుతూ, మొదలవుతూ టకటకమని కొట్టుకోవడం మొదలైంది. నీళ్లు ముందుకు పోయే దారి లేనప్పుడు పంపు దగ్గర ఒత్తిడి క్షణంలో పెరిగి, దానిలోని స్విచ్ ఆపేస్తుంది. ఒత్తిడి తగ్గగానే మళ్లీ మొదలవుతుంది. శివరాత్రి ముందు రోజు, ఒక కుటుంబం బండిలో ఉండగానే, ఆ ఒత్తిడికి సింకు కింద జాయింటు ఊడిపోయింది. పరుపు తడిసింది. ఆ రాత్రి వాళ్లు జమ్మలమడుగులో లాడ్జిలో పడుకున్నారు. ఆ ఖర్చు మేమే ఇచ్చాం. పండుగ పూట వాళ్లు పడ్డ ఇబ్బందికి మాత్రం ఇవ్వగలిగింది ఏమీ లేదు.

మా మామయ్య ముప్పై ఏళ్లుగా బోర్లలో మోటార్లు దించే పని చేస్తున్నాడు. బండి చూడమని పిలిస్తే ముందు బకెట్టు తెమ్మన్నాడు. పాత పంపునే తీసి, బ్యాటరీ పక్కన పెట్టి, తీగలు నేరుగా తగిలించి నడిపాడు. పది లీటర్ల బకెట్టు ఒక్క నిమిషంలో నిండింది. అదే పంపును దాని చోట బిగించి, బయటికి పోయే పైపు విప్పి పట్టాడు. ఈసారి నిమిషం నలభై సెకన్లు. తరువాత పైపు తగిలించి షవర్ కింద పెట్టాడు. నాలుగు నిమిషాలు పట్టింది. "పంపు బాగానే ఉందమ్మా. నీళ్లు దారిలో ఆగుతున్నాయి" అన్నాడు. నాలుగు నెలలుగా నేను చెబుతూ వచ్చిన మాట ఒక బకెట్టుతో తేలిపోయింది.

ఒత్తిడి తక్కువ అని మేమంతా అనుకున్నాం కానీ, లెక్క వేస్తే అది నిలవదు. మన ఇళ్లలో మేడ మీది ట్యాంకుకూ కింది షవర్‌కూ మధ్య మూడు నాలుగు మీటర్ల ఎత్తు ఉంటుంది. పది మీటర్ల ఎత్తున్న నీళ్లు దాదాపు ఒక బార్ ఒత్తిడి ఇస్తాయి. అంటే ఇంటి షవర్‌కు అందేది 0.3, 0.4 బార్ మాత్రమే. అయినా హాయిగా స్నానం చేస్తున్నాం. కారవాన్‌లోని పాత పంపు 35 పీఎస్‌ఐ, అంటే సుమారు 2.4 బార్ దాకా నెట్టగలదు. ఎనిమిదంతస్తుల మేడ మీద ట్యాంకు పెట్టినంత బలం అది. ఇంట్లో పైపులు లావుగా, మలుపులు తక్కువగా ఉంటాయి. మా బండిలో ఉన్న పైపు లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు. పంపు నుంచి షవర్ దాకా ఎల్బోలు, అంటే పైపును మలుపు తిప్పే ముక్కలు, తొమ్మిది.

ఇక మంచం సంగతి. సంక్రాంతి సెలవుల్లో బేలం గుహలు, గండికోట చూసి వచ్చిన ఒక కుటుంబంలో ఎనిమిదేళ్ల పాప ఉంది. తాళాలు అప్పగించేటప్పుడు ఆ పాప నాతో, "ఆంటీ, నాన్న మంచం మీద కూర్చుంటే నీళ్లు తగ్గిపోతున్నాయి" అన్నది. చిన్నపిల్ల మాట కదా అని తల నిమిరి పంపేశాను. మార్చిలో పరుపు తీసి, కింది పలక ఎత్తి చూస్తే, పైపు చక్రం పైనున్న రేకు గూటికీ మంచం కింది చెక్క బద్దకూ మధ్య ఇరుక్కుని ఉంది. మంచం మీద బరువు పడినప్పుడల్లా బద్ద దిగి దాన్ని నొక్కుతోంది. మన ఎండలకు మెత్తబడిన పైపు కాబట్టి బరువు తీసినా పూర్తిగా లేవడం లేదు. అక్కడ అది గుండ్రంగా లేదు, రిబ్బనులా అణిగిపోయింది. నెలన్నర ముందే ఆ పాప నాకు జబ్బు ఎక్కడుందో చెప్పింది. విని ఉంటే ఆ 7,000 రూపాయలు మిగిలేవి, శివరాత్రి ముందు రోజు ఒక పరుపు తడిసేది కాదు. పాప వాళ్ల నాన్నకు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను.

ఇప్పుడు 12 మిల్లీమీటర్ల పైపు వేశాం. మంచం కింద నుంచి తీసి గోడ వెంట నడిపాం. ఎల్బోలు మూడే మిగిలాయి, మిగతా చోట్ల పైపునే నిదానంగా వంచాం. 8 నుంచి 12 అంటే చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, అదే ధారకు పైపులో ఎదురయ్యే అడ్డు అయిదో వంతుకు, ఇంకా కిందికి కూడా పడిపోతుంది.

తీగల దగ్గర మేము మోసపోయిన తీరు చెప్పాలి. సొంతంగా బండి కట్టించుకునే వాళ్లకు పనికొస్తుంది. జనవరిలోనే మా తమ్ముడు మీటరు పెట్టి చూశాడు. పంపు దగ్గర 12.5 వోల్టులు చూపించింది, బాగానే ఉందనుకున్నాడు. అప్పుడు పంపు ఆగి ఉంది. కరెంటు పారనప్పుడు సన్నని తీగ కూడా పూర్తి వోల్టేజీనే చూపిస్తుంది. మామయ్య పంపు నడుస్తుండగా మీటరు పెట్టాడు. 10.9కి పడిపోయింది. వోల్టేజీ తగ్గితే పంపు నెమ్మదిగా తిరుగుతుంది. బ్యాటరీ బండి ముందు వైపు, పంపు వెనక మూలన. పోను, రాను పద్నాలుగు మీటర్ల తీగ, దాని అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు. ఆరు ఆంపియర్లు లాగే పంపుకు దారిలోనే ఒకటిన్నర వోల్టు హరించుకుపోయింది. పెద్ద పంపు ఇంకా ఎక్కువ కరెంటు లాగింది, ఇంకా ఎక్కువ పోగొట్టుకుంది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాక, నడుస్తుండగా 12.1 చూపిస్తోంది.

పంపుకు ముందుండే, చెత్తను ఆపే జాలీ గిన్నె విప్పితే సగం తెల్లటి పెళుసులు, మిగతాది ట్యాంకుకు రంధ్రాలు వేసినప్పుడు పడిన ప్లాస్టిక్ పొట్టు. బండి చేతికి వచ్చిన నాటి నుంచి దాన్ని ఒక్కసారి కూడా కడగలేదు. ఆ నిర్లక్ష్యం పూర్తిగా నాది. ఆ తెల్లటి పెళుసులు మన నేల ఇచ్చినవి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు కాలి కింద ఉన్నది సున్నపురాయి. మన ఇళ్లలో పరుచుకునే నాపరాయి అదే. ఆ పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లు ట్యాంకులో ఎండకు గానీ గీజరులో గానీ వేడెక్కితే, కరిగి ఉన్న సున్నం గడ్డకట్టి లోపలి గోడలకు పడుతుంది. బేలం గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు కూడా నీళ్లలోంచి దిగిన సున్నమే. అక్కడ వేల ఏళ్లు పట్టింది, గీజరు మూతిలో ఆరు నెలలు చాలాయి. షవర్ తలను రాత్రంతా నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాను. వేయగానే సన్నటి బుడగలు లేచాయి. తెల్లవారి సూదితో పొడిస్తే చిల్లులన్నీ తెరుచుకున్నాయి. ఇకమీదట ప్రతి ప్రయాణం తరువాత జాలీ, నెలకొకసారి షవర్ తల కడుగుతాం. ట్యాంకును వీలైనంత వరకు బోరు నీళ్లతో నింపం.

ట్యాంకు గాలి గొట్టంలో కందిరీగ కట్టిన మట్టి గూడు కూడా దొరికింది. నీళ్లు పోయిన చోటికి గాలి రాకపోతే పంపు లాగలేదు. గొట్టం మూతికి వల బిగించాం.

ఇప్పుడు షవర్ కింద అదే బకెట్టు నిమిషం ఇరవై అయిదు సెకన్లలో నిండుతోంది. నిమిషానికి ఏడు లీటర్లు. పంపు పాతదే. ఈ మొత్తం పనికి అయిన ఖర్చు 3,800 రూపాయలు.

ఇక మీరు తెలుసుకోవలసిన ఇంకో నిజం. ట్యాంకు 110 లీటర్లదే, పెరగలేదు. ఇదివరకు షవర్ తిప్పి వదిలేస్తే ముప్పావుగంట వచ్చేది, ఇప్పుడు పదిహేను నిమిషాల్లో ఖాళీ అవుతుంది. నలుగురు తలా మూడు నిమిషాలు చేస్తే 84 లీటర్లు. అందుకే బొటనవేలితో నొక్కితే నీళ్లు ఆగే షవర్ తల పెట్టాం. సబ్బు రుద్దుకునేటప్పుడు ఆపండి. పెద్ద ట్యాంకు పెట్టవచ్చు కదా అని చాలామంది అడిగారు. వంద లీటర్లు పెరిగితే వంద కిలోలు పెరుగుతుంది. అంత బరువు వెనక ఇరుసు మీద వేసుకుని గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో దిగడానికి నేను ఒప్పుకోను. వాడిన నీళ్లు పడే ట్యాంకు 80 లీటర్లది, అదీ ఇప్పుడు త్వరగా నిండుతుంది. దాన్ని గండికోట లోయ అంచున తెరవకండి. ఆ సబ్బు నీళ్లు పెన్నలోకి దిగుతాయి. ఎక్కడ ఖాళీ చేయాలో బయలుదేరే ముందు మా తమ్ముడు చూపిస్తాడు.

చిన్న బండిలో కొళాయికి కూడా ఇలాంటి సన్న పైపే, సన్న తీగే ఉన్నాయి. అది వచ్చే సోమవారం పనికి వెళుతోంది, వారం రోజులు అద్దెకు ఇవ్వం. ఆ వారానికి బుక్ చేసుకున్న రెండు కుటుంబాలకు అదే అద్దెకు పెద్ద బండి ఇస్తున్నాం.

దీపావళి నుంచి మార్చి మొదటి వారం వరకు పెద్ద బండి తీసుకున్న వాళ్లకు, ఉన్న ఒక్కో రాత్రికి 500 రూపాయలు తిరిగి ఇస్తాం. మీరు ఏ తేదీల్లో వెళ్లారో నా ఫోనుకు పంపితే చాలు. రసీదు అక్కరలేదు, తేదీలు మా పుస్తకంలో ఉన్నాయి.