కంటి శిబిరాల్లో నీటికాసుల పరీక్ష ఏది?

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం ‘కంటి వెలుగు’ వల్ల చత్వారంతో, శుక్లాలతో ఇబ్బందిపడుతున్న ఎందరో పల్లెవాసులకు కంటి పరీక్ష ఊళ్లోకే వచ్చింది. అయితే శిబిరమంటే అక్షరాల అట్ట చదివించి అద్దాలు రాయడమే అన్నట్లయితే గ్లకోమా, అంటే నీటికాసులు, దొరకకుండా పోతుంది. శుక్లం కమ్మిన చూపు కృత్రిమ కటకం అమర్చితే చాలావరకు తిరిగి వస్తుంది గాని, నీటికాసుల్లో దృష్టినాడి దెబ్బతిని పోయిన చూపు ఏ శస్త్రచికిత్సతోనూ రాదు. చుక్కల మందు, లేజర్, ఆపరేషన్ మిగిలిన చూపును కాపాడటానికే. పైగా ఈ జబ్బు ఎక్కువమందిలో నొప్పి లేకుండా, ముందుగా పక్కచూపును హరిస్తుంది. మా పెదనాన్నగారు తరచూ గుమ్మానికి భుజం తగిలించుకుంటుంటే వయసు ప్రభావమనుకున్నాం. అట్ట మీది చివరి వరుస మాత్రం తడుముకోకుండా చదివేవారు!

ఈ జబ్బుతో ముడిపడిన కంటి లోపలి ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. ఆ పరిధిలో ఉన్నవారికీ నీటికాసులు రావచ్చు కనుక, ఒత్తిడి కొలవడంతో ఆగక దృష్టినాడిని కూడా చూడాలి. కంటిపాపను పెద్దది చేసి చూసే ఆ పరీక్షలోనే మధుమేహం వల్ల రెటీనాకు, అంటే కంటి వెనుక పొరకు, కలిగిన హాని సైతం బయటపడుతుంది. నలభై ఏళ్లు దాటినవారికి, కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారికి, మధుమేహ రోగులకు ఏడాదికోసారైనా ఈ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే జరిగేలా ప్రభుత్వం ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఖమ్మం