పుష్కరాల నాటికి నడకదారి సత్రాలు తెరవాలి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నందున ఘాట్ల గురించి, రోడ్ల గురించి, వాహనాలు నిలిపే స్థలాల గురించి, తాత్కాలిక బస గురించి డెల్టాలో ఊరూరా చర్చ జరుగుతోంది. ఆ చర్చ అవసరమే. అయితే కాలినడకన వచ్చే యాత్రికుల ప్రస్తావన అందులో నాకు ఎక్కడా కనబడలేదు. నడిచి వచ్చేవారికి కావలసిన బస స్నానఘట్టం దగ్గర ఉండేది కాదు; దానికి ఒక పూట నడక దూరంలో, చీకటి పడే వేళకు చేరుకోగలిగిన ఊళ్లో ఉండాలి. రేవుల దగ్గర, కాలువ గట్ల వెంట, క్షేత్రాల వాకిళ్లలో సత్రాలు కట్టించిన మన పూర్వులు ఆ లెక్క ఎరిగినవారు. ఆ సత్రాలను పుష్కరాల నాటికి నడిచేవారి కోసం తిరిగి తెరవాలని, తెరిచిన ప్రతి చోటా యాత్రికులను ఆదరించే మనిషిని ఒకరిని ఉంచాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మన డెల్టాలో నడక కోసమే పుట్టిందనదగిన యాత్ర సప్తసాగర యాత్ర, అంటే గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానం చేసే యాత్ర. పుష్య బహుళ అమావాస్య నాడు, అంటే చొల్లంగి అమావాస్య నాడు, కాకినాడ దాపున ఉన్న చొల్లంగిలో తుల్యభాగ పాయ స్నానంతో మొదలుపెట్టి, ఆత్రేయ, గౌతమి, వృద్ధ గౌతమి, భారద్వాజ, కౌశిక పాయల పేరుతో చెప్పుకొనే చోట్ల మునిగి, భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేదిలో వశిష్ఠ సాగర సంగమానికి చేరుకోవడం సంప్రదాయం. వీటిలో కొన్ని పాయలు నేడు లేవు. ఒకప్పుడు ఉండేవని పెద్దలు చూపిన చోట సముద్రంలో స్నానం చేస్తారు. సంతానం కోసం మొక్కుకొన్న దంపతులు ఈ యాత్ర చేయడం తరతరాలుగా వస్తున్న ఆచారం. కోరంగి, యానాం, కుండలేశ్వరం మీదుగా సాగే ఈ దారి నేటి పాలనా విభజనలో కాకినాడ జిల్లా, పుదుచ్చేరికి చెందిన యానాం, కోనసీమ జిల్లా అనే మూడు ఏలుబడుల కిందికి వస్తుంది కనుక, దారి మొత్తాన్ని ఒకటిగా చూడటం ఎవరి పనీ కాకుండా పోతోంది.

బడి ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న తరవాత మా ఊరి ఆడవాళ్లతో కలిసి నేను ఈ దారిలో నడిచాను. స్నానాలు, దర్శనాలు ఎంత పుణ్యప్రదమైనా, ఇన్నాళ్ల తరవాత నా మనసులో చెక్కుచెదరకుండా నిలిచినవి రాత్రి మజిలీలే. ఒక రేవు దగ్గరి చిన్న సత్రంలో కాపురముండే పెద్దాయన, ఆఖరి పంటు (నది దాటించే పెద్ద పడవ) వచ్చి అందులో యాత్రికులు ఎవరూ లేరని స్వయంగా చూసుకున్న తరవాతే తాను భోజనానికి కూర్చునేవారు. మేము చేరిన రాత్రి ఎక్కడివారని గానీ, ఎంతమందిమని గానీ అడగకముందే కాగులో నుంచి వేడినీళ్లు తోడి తెచ్చి, "ఆయ్, ముందు కాళ్లు తడుపుకోండమ్మా, మాటలకేముందండి, రాత్రంతా ఉంది" అన్నారు. మా కాళ్లకు అంటిన ఉప్పుబురద వదిలేలోగా ఆయన భార్య అన్నం వార్చి, కంద బచ్చలి కూరతో, దబ్బకాయ పచ్చడితో అరిటాకుల్లో వడ్డించారు. ఆ సత్రంలో మంచాలు లేవు, ఫ్యాను లేదు, గోడలకు సున్నం వేసి ఎన్నేళ్లయిందో తెలియదు. అయినా తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు మాలో ఒకరిద్దరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ పిన్నిగారు పొగమంచులో రేవు దాకా వచ్చి, తరవాతి మజిలీలో ఎవరిని కలవాలో, ఏ బావి నీళ్లు తియ్యగా ఉంటాయో చెప్పి సాగనంపారు.

తుని వైపు నుంచి వచ్చిన ఒక యువజంట ఆ రాత్రి మా పక్కనే చాపలు పరుచుకున్నారు. మొక్కు సంగతి ఎవరూ అడగలేదు, వారూ చెప్పలేదు. మాతో వచ్చిన పెద్దావిడ మాత్రం ఆ అమ్మాయి పాదాల పగుళ్లు చూసి, దీపం దగ్గరకు లాక్కొని, కొబ్బరినూనె రాస్తూ తన జీవితంలోని కష్టసుఖాలన్నీ చెప్పింది. ఇంట్లో నోరు విప్పలేని మాటలు ఆ అమ్మాయి ఆవిడతో చెప్పుకొంది. ఇప్పటికీ సంక్రాంతికి ఫోను చేసి, "పెద్దమ్మగారూ, ఈసారి బయలుదేరుతున్నారా" అని అడుగుతుంది. హోటలు గదుల్లో తలుపులు వేసుకొని పడుకున్నవారి మధ్య ఇటువంటి బంధుత్వం కలవదు. ఒకే కప్పు కింద, ఒకే పంక్తిలో, ఒకే అలసటతో కూర్చున్నవారి మధ్య కలుస్తుంది.

కోరంగి మడ అడవుల దాపున సత్రమేదీ దొరకని ఒక సాయంత్రం ఒక మత్స్యకార కుటుంబం తమ ఇంటి అరుగు మాకు ఇచ్చింది. మేము శాకాహారులమని తెలుసుకొని ఆ పూట వారి పొయ్యి మీద చేపలు వండుకోలేదు. ఈ సంగతి ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, పాత సత్రాలను తలుచుకునేటప్పుడు వాటిలోని లోపాన్నీ దాచకూడదు. కొన్ని సత్రాల్లో కొన్ని కులాలవారికి మాత్రమే పంక్తి ఉండేది. మిగిలినవారు చెట్టు కిందనో అరుగు మీదనో సరిపెట్టుకోవలసి వచ్చేది. తిరిగి తెరిచే సత్రాల్లో ఆ వేరుపంక్తి ఏ రూపంలోనూ రాకూడదు. మమ్మల్ని ఆదరించిన ఆ కుటుంబానికి చోటు లేని సత్రం మాకూ వద్దు.

అన్నదానం గురించి కోనసీమవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. లంకల గన్నవరంలో వైనతేయ గోదావరి దాటి వచ్చీపోయేవారికి వేళకాని వేళలో కూడా వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారు (1841–1909) తమ ఇంటినే సత్రంగా మార్చారు. ఆమె అంతర్వేది దర్శనానికి పల్లకిలో బయలుదేరి, దారిలో విశ్రమించిన చోట, సీతమ్మగారి ఇంటికి చేరితే ఆకలి తీరుతుందని ఒక కుటుంబం చెప్పుకొంటున్న మాటలు విని, యాత్ర మానుకొని వారికోసం వెనక్కి తిరిగి వెళ్లారని మా పెద్దలు చెప్పేవారు. గన్నవరం కొత్త అక్విడక్టుకు (నది మీదుగా కాలువను దాటించే వంతెనకు) ఆమె పేరు పెట్టుకున్నాం. 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టుకున్నాం. ఆమె బయలుదేరిన ఆ అంతర్వేది దారిలోనే చీకటి పడ్డాక వచ్చినవారికి ఇంత ముద్ద దొరికే ఏర్పాటు ఉంటే ఆ పేరుకు మరింత న్యాయం చేసినవారమవుతాం.

నేటి పరిస్థితి వేరు. మేము చూసిన సత్రాల్లో కొన్ని తాళాలతో ఉన్నాయి, కొన్ని కల్యాణ మండపాలుగా మారాయి. ఒక క్షేత్రంలో, పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు, ఆన్‌లైనులో ముందుగా గది తీసుకోలేదన్న కారణంతో రాత్రి ఎనిమిది గంటలకు మా బృందాన్ని వాకిట్లోనే నిలబెట్టారు. మాలో డెబ్బై ఏళ్లు దాటినవారు ఉన్నారు. నడిచేవారు ఏ రోజు ఏ ఊరు చేరతారో ముందుగా చెప్పలేరు. కాలు బెణికితే, పంటు తప్పిపోతే, వాన పడితే మజిలీ మారిపోతుంది. ముందస్తు బుకింగు కారులో వచ్చేవారికి సౌకర్యమే కావచ్చు, నడిచేవారికి మాత్రం అది మూసిన తలుపు.

ఈ చిక్కును పరదేశంలో ఎలా తీర్చుకున్నారో గమనించదగ్గది. స్పెయిన్ దేశంలో సాంటియాగో డి కంపోస్టెలా అనే క్రైస్తవ క్షేత్రానికి నడిచి వెళ్లేవారికోసం దారి పొడవునా అల్బెర్గెలు అనే యాత్రికుల సత్రాలు ఉన్నాయి. యాత్రికులు వెంట ఒక చిన్న పుస్తకం ఉంచుకొని ప్రతి మజిలీలో ముద్ర వేయించుకుంటారు. కనీసం 100 కిలోమీటర్లు నడిచి గమ్యం చేరినవారికి అక్కడ యోగ్యతాపత్రం ఇస్తారు. ప్రభుత్వ సత్రాల్లో సాధారణంగా ఒక్క రాత్రే ఉండనిస్తారు, అస్వస్థులైతే మినహాయింపు ఉంటుంది. కొన్ని సత్రాలకు నిర్ణయించిన అద్దె లేదు, ఎవరి శక్తి కొద్దీ వారు హుండీలో వేస్తారు. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది, వాటిలో చాలా చోట్ల సేవ చేసేవారు ఒకప్పుడు ఆ దారిలో నడిచినవారే కావడం. జీతం లేకుండా పదిహేను రోజులు సత్రంలో ఉండి, ఊడ్చి, వండి, వచ్చినవారిని పలకరించి, తరవాతివారికి అప్పగించి వెళ్తారు. నడిచినవారికి నడిచేవారి కాళ్ల సంగతి తెలుస్తుంది కదా.

ఇటువంటి పద్ధతికి మన చట్టంలో అడ్డంకి ఏమీ లేదని నా అభిప్రాయం. సత్రాల వంటి ధర్మాదాయ సంస్థలు 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం పరిధిలోకి వస్తాయి. దాత ఏ పని కోసం భూమి రాసిచ్చారో ఆ పనికే దాని రాబడి వెచ్చించమని అడగడం కొత్త కోరిక కాదు. చొల్లంగి నుంచి అంతర్వేది వరకు ఉన్న సత్రాలన్నిటి జాబితా తీసి, ఏది ఎవరి అధీనంలో ఉందో, ఏ స్థితిలో ఉందో రెండు జిల్లాల కలెక్టర్లు, యానాం పాలనాధికారి కలిసి ప్రకటించాలి. ప్రతి సత్రంలో కనీసం ఒక హాలును బుకింగు లేకుండా నడిచి వచ్చినవారికి ఒక రాత్రికి కేటాయించాలి. ఆడవారికి గడియ పడే తలుపున్న మరుగుదొడ్డి, తడిబట్టలు మార్చుకొనే చాటు, ఆరవేసుకొనే తీగ ఉండాలి. యాత్రికుల్లో మాబోటి ఆడవాళ్లు ఎందరో ఉన్నా, ఈ మూడూ కలిసి ఉన్న బస మాకు అరుదుగా దొరికింది. పంటు వేళలు మారినప్పుడు తరవాతి మజిలీ సత్రానికి కబురు చేరవేసే బాధ్యత రేవు పాటదారుకు (వేలంలో రేవు హక్కు పాడుకున్నవారికి) అప్పగించాలి.

మనుషుల కొరత ఉంటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ దారిలో నడిచి, నేడు విశ్రాంతిగా ఉన్న ఉపాధ్యాయులు, రైతులు, గృహిణులు మా మండలంలోనే ఎందరో ఉన్నారు. పుష్కరాలకన్నా ముందే, 2027 ఆరంభంలో చొల్లంగి అమావాస్య వస్తుంది. ఆ పక్షం రోజులకు ఒక్క సత్రం తాళం మాకు ఇప్పిస్తే వంతులవారీగా ఉండి నడపడానికి మా బృందం సిద్ధంగా ఉంది. బియ్యం, కూరలు, వంటచెరకు మేమే సమకూర్చుకుంటాం. ఈ లేఖను ప్రచురించి, సంబంధిత అధికారుల దృష్టికి తీసుకువెళ్లవలసిందిగా మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
అయినవిల్లి మండలం, కోనసీమ జిల్లా